ఏనుగు మల్లమ్మ కొండ – హార్స్‌లీ హిల్స్: దర్శనీయ స్థలాలు, చారిత్రక విశేషాలు

వేసవి తాపానికి పేరుపడిన రాయలసీమలో చల్లని విడిదిగా ప్రసిద్ధి గాంచిన ప్రదేశం హార్స్‌లీ హిల్స్. మదనపల్లె పట్టణానికి సుమారు 30 కిలోమీటర్ల దూరంలో, బి.కొత్తకోట మండలంలో ఈ కొండ ఉన్నది. మదనపల్లె పీఠభూమియే సముద్రమట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తున ఉండగా, కొండ శిఖరం దాదాపు 4,100 అడుగులు, అనగా 1,250 మీటర్ల ఎత్తున ఉన్నది. ఈ ఎత్తే ఇక్కడి చల్లదనానికి మూలకారణం.

పేరు వెనుక చరిత్ర

ఈ కొండ అసలు పేరు ఏనుగు మల్లమ్మ కొండ. మల్లమ్మ అనే స్త్రీ ఏనుగుల పోషణలో ఇక్కడ జీవించిందనీ, కొండవాసుల రోగాలను మాన్పేదనీ, ఒకనాడు అదృశ్యం కాగా ప్రజలు ఆమెను దేవతగా కొలిచారనీ స్థానిక గాథ. నేటికీ కొండపై మల్లమ్మ ఆలయం ఉన్నది.

1870 ప్రాంతంలో కడప కలెక్టరు హార్స్‌లీ ఇక్కడ వేసవి విడిది ఏర్పరచుకొనడంతో ఆయన పేరు స్థిరపడింది. చిత్తూరు ప్రాంతపు కొండపై కడప కలెక్టరు విడిది చేయుట వింతగా తోచవచ్చును. అయితే 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేవరకు మదనపల్లె తాలూకా కడప జిల్లాలోనే ఉండేది. 2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణలో ఈ ప్రాంతం అన్నమయ్య జిల్లాలో చేరింది.

దర్శనీయ స్థలాలు

సందర్శకులను మొదట ఆకర్షించేది గాలిబండ. ఏటవాలుగా విస్తరించిన ఈ రాతిపలకపై గాలి ఎడతెగక వీస్తుంది. సూర్యోదయ, సూర్యాస్తమయాలను చూడడానికి ఇది అనువైన చోటు. ఆంగ్లేయుల కాలంలో నిర్మించిన అటవీ బంగళా, గవర్నరు బంగళా, గంగోత్రి, మానస సరోవరం అనే జలాశయాలు ఇతర ఆకర్షణలు. దారి పొడవునా నీలగిరి, తురాయి, జకరండా చెట్లు నీడనిస్తాయి. 'కల్యాణి' అని పిలువబడే భారీ నీలగిరి చెట్టు 1995లో మహావృక్ష పురస్కారం పొందినది.

పరిసర ప్రాంతాలు

మదనపల్లె ప్రాంతపు పొడి గాలి క్షయరోగులకు మేలు చేయగలదని ఆనాటి వైద్యులు భావించారు. ఫలితంగా 1915లో ఆరోగ్యవరం శానిటోరియం ప్రారంభమైనది. అనీబిసెంట్ స్థాపించిన దివ్యజ్ఞాన కళాశాలలో 1919 ఫిబ్రవరిలో బసచేసిన రవీంద్రనాథ్ ఠాగూర్, 'జనగణమన'ను అక్కడే ఆంగ్లంలోకి అనువదించారు. మదనపల్లెలో జన్మించిన జిడ్డు కృష్ణమూర్తి ఆశయాలకు ప్రతిరూపమైన రిషివ్యాలీ పాఠశాల కూడా సమీపంలోనే ఉన్నది.

పరిరక్షణ ఆవశ్యకత

కొండ చుట్టూ ఉన్నది ఆకురాల్చే పొడి అడవి. దక్షిణ భారతానికే పరిమితమై, అంతరించే ముప్పును ఎదుర్కొంటున్న పసుపు గొంతు పికిలి పిట్టకు ఇక్కడి రాతిగుట్టలు, పొదలు ఆవాసం. వేసవిలో ఆకులు ఎండి నేలరాలినప్పుడు, ఆర్పక పారవేసిన ఒక్క చుట్ట లేక సిగరెట్టు ముక్క చాలు, గుట్టంతా కాలిపోవడానికి.

నీటి సమస్య కూడా ఇటువంటిదే. శిఖరంపైకి వచ్చి చేరే ఏరు ఏదీ లేదు. వర్షపు నీరే ఇక్కడి జలాశయాలకు ఆధారం. సందర్శకులు అధికంగా వచ్చే ఏప్రిల్, మే నెలలే నీరు మిక్కిలి తగ్గే కాలం. కనుక చల్లదనం కోరి వచ్చేవారు ఆ చల్లదనానికి ఆధారమైన చెట్టునూ, నీటినీ కాపాడుట అవసరం.

రాకపోకలు – జాగ్రత్తలు

మదనపల్లె నుండి ఘాట్ రోడ్డు మీదుగా కొండపైకి చేరవచ్చును. పాకాల–ధర్మవరం మార్గంలోని మదనపల్లె రోడ్ సమీప రైల్వే స్టేషను. ఘాట్ మలుపుల వద్ద వేగం తగ్గించుట, వాన పడినపుడు గాలిబండ అంచులకు వెళ్లకుండుట, ప్లాస్టిక్ సంచులు, సీసాలు అడవిలో వదలకుండుట సందర్శకులు తప్పక పాటించవలసిన నియమాలు.