ఢిల్లీలో టెర్మినల్ మారాలా? ఆ మధ్య దూరం ఎవరి బాధ్యతో ముందే తెలుసుకోండి

శంషాబాద్‌లో ఉన్నది ఒకే టెర్మినల్. దేశీయమైనా, అంతర్జాతీయమైనా అదే భవనం. కింద దిగి పైకి వెళ్తే సరిపోతుంది. ఆ అలవాటుతోనే మనవాళ్లలో చాలామంది ఢిల్లీ మీదుగా అమెరికాకో, యూరప్‌కో టికెట్ తీసుకుంటారు. రెండు విమానాల మధ్య మూడు గంటలుంటే ధారాళం అనుకుంటారు. తీరా దిగాక తెలుస్తుంది, దిగింది టీ1లో, ఎక్కాల్సింది టీ3లో అని. ఒకదాని నుంచి మరోదానికి నడిచి వెళ్లే దారి లేదు. బయటికి వచ్చి, రోడ్డెక్కి, ట్రాఫిక్‌లో వెళ్లాలి.

దీనికితోడు రెండేళ్లుగా అక్కడ నిర్మాణాలు, మరమ్మతులు. ఏ విమానం ఏ టెర్మినల్‌లో ఉంటుందో తరచూ మారుతోంది. నిరుడు వెళ్లొచ్చిన బంధువు చెప్పిన టెర్మినల్‌నే నమ్ముకుంటే ఇబ్బంది పడొచ్చు.

ఏమేం మారాయి?

ఏడాదికి 4 కోట్ల మంది ప్రయాణికుల సామర్థ్యంతో టీ1ను విస్తరించి 2024 మార్చిలో ప్రారంభించారు. అదే ఏడాది జూన్ 28న భారీ వర్షానికి టీ1 పాత భాగంలో, ప్రయాణికులు దిగే చోట పైకప్పు కూలి ఒక క్యాబ్ డ్రైవర్ చనిపోయారు. అక్కడి విమానాలను టీ2, టీ3లకు మార్చారు. ఆగస్టు నుంచి కొత్త భాగాన్ని దశలవారీగా వాడుకలోకి తెచ్చారు.

తర్వాత టీ2 వంతు. 1986 నాటి ఆ భవనాన్ని 2025 ఏప్రిల్‌లో మూసేసి, బాగుచేసి, అక్టోబరు 26న మళ్లీ తెరిచారు. మూసినప్పుడు ఒకసారి, తెరిచినప్పుడు మరోసారి విమానాలు అటూ ఇటూ మారాయి. ఇండిగో విమానాలు మూడు టెర్మినళ్లలోనూ ఉన్నాయి. కాబట్టి ‘ఇండిగో అంటే టీ1’ అనే లెక్క చెల్లదు. ఎయిరిండియా దేశీయ విమానాల్లో కొన్ని టీ2కి వెళ్లాయి. 1తో మొదలయ్యే నాలుగంకెల నంబరుంటే టీ2 అని ఆ సంస్థ అప్పట్లో గుర్తు చెప్పింది. విదేశీ విమానాలు ఎక్కేది టీ3లోనే.

టీ2, టీ3 పక్కపక్కనే ఉంటాయి. సామాను ఉన్నా నడిచి వెళ్లొచ్చు. అసలు చిక్కు టీ1తోనే.

టికెట్ ఒకటా, రెండా?

టెర్మినల్ నంబరు కంటే ముందు చూసుకోవాల్సింది పీఎన్‌ఆర్. హైదరాబాద్ నుంచి ఢిల్లీకి, అక్కడి నుంచి విదేశానికి ఒకే పీఎన్‌ఆర్ మీద టికెట్ ఉంటే, మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పిపోయినా మిమ్మల్ని తర్వాతి విమానంలో గమ్యానికి చేర్చాల్సింది విమాన సంస్థే. అదనంగా డబ్బు అడగదు.

రెండు టికెట్లు విడివిడిగా కొంటే లెక్క వేరు. మొదటి సంస్థ దృష్టిలో మీ ప్రయాణం ఢిల్లీతో ముగిసింది. రెండో సంస్థ దృష్టిలో మీ ప్రయాణం టీ3 గేటు దగ్గరే మొదలవుతుంది. మధ్యలో ఉన్న రోడ్డు, అక్కడి ట్రాఫిక్, పొగమంచు ఎవరి ఖాతాలోనూ లేవు. సమయానికి కౌంటర్‌కు చేరకపోతే ‘నో షో’ కింద రాసేస్తారు. అమెరికా టికెట్‌లో చాలా భాగం పోయినట్టే. చాలా టికెట్లలో తిరుగు ప్రయాణం కూడా దాంతోపాటే రద్దవుతుంది. రెండు టికెట్లు కొంటే నాలుగైదు వేలు మిగులుతాయని ట్రావెల్ ఏజెంట్ చెబితే, ఈ సంగతి కూడా చెప్పమని అడగండి.

ఒకే పీఎన్‌ఆర్ ఉన్నవాళ్లూ ఒకటి గుర్తుంచుకోవాలి. హైదరాబాద్ విమానం ఆలస్యమవుతోందని దాన్ని వదిలేసి, సొంతంగా ఇంకో విమానంలో ఢిల్లీ వెళ్తే మిగతా టికెట్ మొత్తం రద్దయ్యే ప్రమాదం ఉంది. ముందు కౌంటర్‌లో మాట్లాడి, టికెట్ మార్పించుకున్నాకే కదలాలి.

చెకిన్ దగ్గర బ్యాగుకు కట్టే ట్యాగ్ చూడండి. దానిపై ఉన్న మూడక్షరాల కోడ్ మీరు చివరగా దిగే ఊరిదైతే బ్యాగు నేరుగా అక్కడికే వెళ్తుంది. డీఈఎల్ అని ఉంటే ఢిల్లీలో బెల్టు దగ్గర మీరే తీసుకోవాలి. అంటే ఇంకో అరగంట, ముప్పావుగంట కలుపుకోవాలి.

టీ1 నుంచి టీ3కి ఎలా వెళ్లాలి?

విమానాశ్రయం షటిల్ బస్సు రాత్రింబవళ్లు నడుస్తుంది. తర్వాతి విమానం టికెట్ చూపిస్తే ట్రాన్సిట్ ప్రయాణికులకు ఉచితం. బయటికి వచ్చేముందే అరైవల్స్‌లోని సమాచార కౌంటర్‌లో బస్సు ఎక్కడ ఆగుతుందో, తర్వాతిది ఎప్పుడో అడగండి. నిర్మాణ పనులు జరిగేచోట స్టాపులు కాస్త జరుగుతుంటాయి. బయట తిరిగి వెతుక్కునే కన్నా ఇదే మేలు.

టాక్సీ వేగంగానే వెళ్తుంది, రోడ్డు ఖాళీగా ఉంటే. ఏరోసిటీ, మహిపాల్‌పుర్ వైపు సాయంత్రం పూట రద్దీ తెలిసిందే. లోపలి ప్రీపెయిడ్ కౌంటర్ కానీ యాప్ కానీ వాడండి. దగ్గరికొచ్చి ‘టీ3, టీ3’ అని పిలిచేవాళ్లను పట్టించుకోవద్దు.

ఇక మెట్రో. రెండు టెర్మినళ్లకూ మెట్రో స్టేషన్ ఉందని మ్యాప్‌లో చూసి చాలామంది సంబరపడతారు. కానీ అవి వేర్వేరు లైన్లు. టీ1 స్టేషన్ మెజెంటా లైన్‌లో ఉంది, టీ3 స్టేషన్ ఎయిర్‌పోర్ట్ ఎక్స్‌ప్రెస్ లైన్‌లో. ఒకదాని నుంచి మరోదానికి వెళ్లాలంటే మెజెంటాలో జనక్‌పురి వెస్ట్, అక్కడ బ్లూ లైన్ ఎక్కి ద్వారకా సెక్టార్ 21, మళ్లీ మారి టీ3. పెట్టెలతో రెండుసార్లు రైలు మారాలి. పైగా అమెరికా, యూరప్ విమానాలు ఎక్కువగా బయల్దేరే అర్ధరాత్రి తర్వాత మెట్రో ఉండదు. పగటిపూట, చేతిలో ఒక్క బ్యాగుతో, బోలెడు సమయం ఉన్నవాళ్లకే ఇది పనికొస్తుంది.

టెర్మినళ్లను కలుపుతూ 7.7 కిలోమీటర్ల ఎయిర్ ట్రెయిన్ వేయాలని విమానాశ్రయ సంస్థ 2024లోనే టెండర్లు పిలిచింది. అది పరుగులు తీసేదాకా బస్సే దిక్కు.

ఎంత సమయం పెట్టుకోవాలి?

ఒక ఉదాహరణ చూద్దాం. ఇవి మా డెస్క్ అంచనాలే, కాస్త అటూఇటూ కావచ్చు. హైదరాబాద్ విమానం రాత్రి 8 గంటలకు టీ1లో దిగింది. విమానం దిగి, నడిచి, బ్యాగు తీసుకుని బయటపడేసరికి 8.50. బస్సు కోసం ఆగి, టీ3 చేరి, గేటు దగ్గర టికెట్, పాస్‌పోర్టు చూపించి లోపలికి వెళ్లేసరికి 10. అర్ధరాత్రి 1.30 విమానానికి కౌంటర్ 12.15-12.30 మధ్య మూసేస్తారనుకుంటే, చేతిలో మిగిలింది రెండుంపావు గంటలు. మొదటి విమానం రెండు గంటలు ఆలస్యమైందా, మీరు కౌంటర్ దగ్గరికి పరుగెత్తాల్సిందే. ఆ తర్వాత ఇమిగ్రేషన్, భద్రతా తనిఖీ క్యూలు ఎలాగూ ఉంటాయి.

ఇక్కడ చెప్పింది ఐదున్నర గంటల వ్యవధి. టికెట్లు రెండైతే ఐదు గంటలకు తగ్గొద్దని మేం చెప్పేది అందుకే. డిసెంబరు, జనవరిల్లో పొగమంచుకు విమానాలను జైపుర్, లఖ్‌నవూ వైపు మళ్లిస్తుంటారు. గణతంత్ర దినోత్సవానికి ముందు వారం రోజులు రిహార్సల్స్ కోసం ఉదయం పది దాటాక రెండు గంటలకు పైగా రాకపోకలు ఆపడమూ గత కొన్నేళ్లుగా ఉన్నదే. 2025 ఏప్రిల్‌లో ఒక రన్‌వేను మరమ్మతుకు మూసినప్పుడు విమానాలు ఎంతగా ఆలస్యమయ్యాయంటే, పని ఆపి మే నెలలో దాన్ని మళ్లీ వాడుకలోకి తేవాల్సి వచ్చింది. ఆ ఏడాది నవంబరులో ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్ మెసేజింగ్ వ్యవస్థ మొరాయించి వందల విమానాలు నిలిచిపోయాయి. శీతాకాలంలో విడి టికెట్లే కొనాల్సి వస్తే, ముందురోజే ఢిల్లీ చేరి ఏరోసిటీలోనో, మహిపాల్‌పుర్‌లోనో రాత్రి ఉండటం ఖర్చనిపించినా చౌకే.

అమ్మానాన్నలు ఒంటరిగా వెళ్తుంటే

కూతురి కాన్పుకో, మనవడిని చూడటానికో వెళ్లే పెద్దవాళ్లకే ఈ టెర్మినల్ మార్పు గండంగా మారుతోంది. హిందీ రాదు, ఇంగ్లిష్ అంతంతమాత్రం. పిల్లలు వీల్‌చైర్ బుక్ చేసి నిశ్చింతగా ఉంటారు. విడి టికెట్లయితే మొదటి సంస్థ వీల్‌చైర్ టీ1 బయటి ద్వారం వరకే వస్తుంది. రెండో సంస్థ వీల్‌చైర్ టీ3 దగ్గర మొదలవుతుంది. మధ్యలో రెండేసి పెట్టెలతో వాళ్లే బస్సు ఎక్కాలి, దిగాలి.

అందుకని పెద్దవాళ్లకు మాత్రం ధర చూడకుండా ఒకే పీఎన్‌ఆర్ తీసుకోండి. వీలైతే రెండు విమానాలూ టీ3లోనే ఉండేలా చూడండి. తప్పనిసరిగా మారాల్సి వస్తే ఢిల్లీలో ఉన్న తెలిసినవాళ్లను టీ1 బయటికి రమ్మనండి. తెలుగు, హిందీ, ఇంగ్లిష్‌లో ‘నేను టీ3కి వెళ్లాలి, నా విమానం ఇన్ని గంటలకు’ అని కాగితంపై రాసి, టికెట్ ప్రింటుతో కలిపి జేబులో పెట్టండి. ఫోన్‌లో చార్జింగ్ లేకపోయినా కాగితం పనిచేస్తుంది. పైగా మన దేశంలో టికెట్ చూపకుండా టెర్మినల్ లోపలికి వదలరు.

తిరుగు ప్రయాణంలోనూ జాగ్రత్త. విదేశం నుంచి ఢిల్లీలో దిగితే ఇమిగ్రేషన్ అక్కడే. సాధారణంగా బ్యాగు తీసుకుని కస్టమ్స్ దాటి మళ్లీ అప్పగించాలి. మీ విమానానికి వేరే పద్ధతి ఉందేమో అమెరికాలో చెకిన్ చేసేటప్పుడే అడిగి తెలుసుకోండి.

ముంబయి మీదుగా వెళ్తుంటే

అక్కడా టీ1, టీ2 దూరదూరంగానే ఉంటాయి. అయితే మెట్రో 3 వచ్చాక రెండింటినీ ఒకే లైన్ కలిపింది, మధ్యలో ఒక్క స్టేషనే. ఇప్పుడు కొత్త మెలిక నవీ ముంబయి విమానాశ్రయం. 2025 డిసెంబరు 25 నుంచి అక్కడ విమానాలు తిరుగుతున్నాయి. కోడ్ ఎన్ఎంఐ. పాతది బీఓఎం. టికెట్‌పై పేరు కాదు, ఈ మూడక్షరాలు చూడండి. ఒకదాంట్లో దిగి మరోదాంట్లో ఎక్కడమంటే నగరం దాటి వెళ్లడమే.

ఆలస్యమైతే ఏం అడగొచ్చు?

హైదరాబాద్-ఢిల్లీ వంటి రెండున్నర గంటల్లోపు ప్రయాణానికి విమానం 2 గంటలు, అంతకు మించి ఆలస్యమైతే భోజనమో, అల్పాహారమో ఇవ్వాలని డీజీసీఏ నిబంధన. దేశీయ విమానం 6 గంటలకు మించి ఆలస్యమయ్యేట్టుంటే మరో విమానం లేదా పూర్తి డబ్బు వాపసు, ఏది కావాలో ఎంచుకునే హక్కు మీది. అయితే ఆ వాపసు ఆలస్యమైన టికెట్‌కే. విడిగా కొన్న అమెరికా టికెట్ నష్టాన్ని మొదటి సంస్థ భరించదు. ప్రయాణ బీమాలో ‘మిస్డ్ కనెక్షన్’ ఉంటే కొంత రావచ్చు, కానీ రెండు విమానాల మధ్య కనీసం ఇన్ని గంటలుండాలని పాలసీల్లో షరతులుంటాయి. కొనేముందే చదవండి.

విమానం తప్పేలా ఉందని తెలియగానే, ఇంకా టీ1లో ఉండగానే రెండో సంస్థకు ఫోన్ చేయండి. విమానం బయల్దేరక ముందు టికెట్ మార్చుకుంటే చార్జీతో పోతుంది. వెళ్లిపోయాక చేస్తే నో షో. మొదటి సంస్థ కౌంటర్‌లో ఆలస్యానికి కారణం, సమయం రాసిన ధ్రువపత్రం అడిగి తీసుకోండి. బీమాకైనా, పౌర విమానయాన శాఖ ఎయిర్‌సేవ యాప్‌లో ఫిర్యాదుకైనా, 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కైనా ముందుగా అడిగేది ఆ కాగితమే.