పచ్చిక తగాదాలో పోయిన ఖడ్గతిక్కన

పదమూడో శతాబ్దం నడిమి మాట. నెల్లూరు అప్పటికి విక్రమసింహపురి. గద్దె మీద తెలుగు చోడుడు మనుమసిద్ధి ఉన్నాడు గానీ ఆ గద్దెను నిలబెట్టినవాళ్లు మంత్రి భాస్కరుని మనవలు. కొమ్మన కొడుకు తిక్కన సోమయాజి మంత్రాంగం నడిపాడు. సిద్ధన కొడుకు తిక్కన కత్తి పట్టాడు. ఇద్దరిదీ ఒకే పేరు కావడంతో రెండో ఆయన్ని లోకం ఖడ్గతిక్కన అంది. అక్కన, బయ్యన అనే దాయాదులు మనుమసిద్ధిని గద్దె దించినప్పుడు సోమయాజి ఓరుగల్లు వెళ్లి గణపతిదేవుణ్ణి ఒప్పించాడు. కాకతీయ సేన వచ్చి రాజును మళ్లీ కూర్చోబెట్టింది. మంత్రులు లేకపోతే ఆ రాజు లేడు.

ఇలాంటి ఏర్పాటు మన దగ్గరే కాదు. అంతకు ఆరు వందల ఏళ్ల ముందు, ఇప్పటి ఫ్రాన్స్‌లో, ఫ్రాంకుల రాజులు పేరుకే రాజులు. కోట పెత్తనం చూసే అధికారే రాజ్యం ఏలేవాడు. వాళ్లలో ఎబ్రోయిన్ అనేవాణ్ణి 673లో శత్రువులు పడగొట్టి, తల గొరిగించి, లక్సోయ్ మఠంలో పడేశారు. అంత అవమానం జరిగినా అతను చావలేదు. జుట్టు పెరిగింది, అదను దొరికింది, తిరిగొచ్చి మళ్లీ పెత్తనం చేజిక్కించుకున్నాడు. 680 ప్రాంతంలో హంతకుడి చేతిలో పోయేదాకా వదల్లేదు. అతను క్రూరుడు, సందేహం లేదు. కానీ ఓడినవాడికి మరో రోజు దక్కింది. ఖడ్గతిక్కనకు ఆ ఒక్క రోజు కూడా దక్కలేదు.

తగాదా గడ్డి దగ్గర మొదలైంది. ఎగువన కరువొచ్చి, యాదవ నాయకుడు కాటమరాజు ఆవుల మందలతో నెల్లూరు సీమ బీళ్లకు దిగాడు. మేపుకున్నందుకు పుల్లరిగా కోడెదూడలు ఇస్తానని రాజుతో ఒడంబడిక. ఆ సీమ పశుసంపద సామాన్యమైంది కాదు. ఇక్కడి నుంచి ఓడలెక్కిన జాతి నేడు బ్రెజిల్‌లో మన ఊరి పేరుతోనే కోట్లాదిగా మేస్తోంది. ఒడంబడిక తర్వాత మాటలు చెడ్డాయి. రాజు మనుషులు ఆవుల్ని చంపారని గొల్లలు, పుల్లరి ఎగ్గొట్టారని రాజు. కొమ్ములవారు నేటికీ కాటమరాజు కథ పాడేది గొల్లల పక్షానే, న్యాయం కూడా కొంత అటే ఉందనిపిస్తుంది. ఏదైతేనేం, బాకీ రాబట్టడానికి రాజు పంపింది సుంకరిని కాదు, తన సేనాపతి ఖడ్గతిక్కనను.

పాలేటి ఒడ్డున, పంచలింగాల దగ్గర పోరు జరిగింది. తిక్కన సేన చాలావరకు కూలిపోయింది. కొత్త బలగం కూడగట్టుకుందామని ఇంటికి మళ్లాడంటారు.

ఇక ఆ ఇంట్లో జరిగిందే ఆయన్ని చంపింది. చాటువుల్లో బతికిన కథ ఇది. దుమ్ముకొట్టుకుని వచ్చిన మనిషికి భార్య చానమ్మ నీళ్లు తోడింది. స్నానాల చోట మంచం నిలబెట్టి మరుగు కట్టింది. పక్కన పసుపు ముద్ద పెట్టింది. ఎందుకిదంతా అని అడిగితే, వెన్నిచ్చి వచ్చినవాడు కూడా మాలో ఒకరే కదా, ఆడవాళ్ల మధ్య సిగ్గెందుకు అన్నట్టు జవాబిచ్చింది. అన్నానికి కూర్చుంటే తల్లి ప్రోలమ్మ విరిగిన పాలు పోసింది. నువ్వు విరిగి వచ్చావని ఆవులు కూడా విరిగిన పాలే ఇచ్చాయి అంది.

ఆ ముద్ద ఆయన మింగాడో లేదో ఏ పద్యమూ చెప్పలేదు. వెంటనే లేచి పాలేటి వైపు వెళ్లాడు. ఈసారి గెలవడానికి వెళ్లలేదని నా నమ్మకం. ఉన్న కొద్దిమందితో శత్రువుల్లోకి చొచ్చుకుపోయి అక్కడే నేలకొరిగాడు. కబురు విని చానమ్మ సహగమనం చేసిందంటారు. ఒక్క పసుపు ముద్ద ఇద్దర్ని తీసుకుపోయింది.

ఈ ఘట్టాన్ని వీరమాత, వీరపత్ని అంటూ తరతరాలుగా పిల్లలకు చెబుతూ వచ్చాం. నాకు మాత్రం ఆ తల్లీ భార్యల మీద కోపం కంటే జాలే ఎక్కువ. ఆ పరిహాసం వాళ్ల సొంతం కాదు. వీధి అరుగుల మీద, కొలువులో మర్నాడు వినిపించబోయే మాటల్ని వాళ్లు ముందుగా ఇంట్లోనే అనేశారు. సేన కూలినచోట కొద్దిమందితో మిగిలినవాడు వెనక్కి రావడం పిరికితనం కాదు, సేనాపతి చేయవలసిన పనే అది. ఆ మాట చెప్పగలిగిన మనిషి ఒక్కరు కూడా ఆ రాజ్యంలో ఆ పూట నోరు విప్పలేదు. పినతండ్రి బిడ్డ సోమయాజి సైతం ఏం చేశాడో కథ చెప్పదు. తర్వాత భారతంలో యుద్ధపర్వాలు రాస్తూ, అభిమన్యుడి దగ్గరకు వచ్చినప్పుడు ఆ చేయి ఆగిందేమో అని నేను చాలాసార్లు అనుకున్నాను.

రాజ్యానికి జరిగిన నష్టం కూడా చిన్నది కాదు. కొన్ని కోడెదూడల లెక్క తేల్చుకోవడానికి నెల్లూరు తన మొనగాణ్ణి పోగొట్టుకుంది. ఆ తర్వాత దక్షిణం నుంచి జటావర్మ సుందర పాండ్యుడు దండెత్తి వచ్చాడు. 1263 ప్రాంతంలో, సముద్రానికి దగ్గరగా నేడు కృష్ణపట్నం రేవు పక్కనున్న ముత్తుకూరు దగ్గర జరిగిన పోరులో మనుమసిద్ధి చనిపోయాడు. పాండ్యుడు నెల్లూరులోనే వీరాభిషేకం చేయించుకున్నాడు.