షేక్ అర్షద్ (పారా సైక్లిస్టు)

నంద్యాలకు చెందిన షేక్ అర్షద్, 2024 పారిస్ పారాలింపిక్ క్రీడలందు ట్రాక్ మీదను రోడ్డు మీదను భారతదేశము పక్షమున పందెములాడిన ఆంధ్ర పారా సైక్లిస్టు. పారాలింపిక్ సైక్లింగునందు మన దేశము అంతకుముందెన్నడును పాల్గొని యెరుగదు. ఆ తొలి ప్రవేశము ఈయనతోను, మహారాష్ట్ర యువతి జ్యోతి గడేరియాతోను సిద్ధించినది.

రోడ్డు ప్రమాదమున కాలిని కోల్పోయిన అర్షద్‌ను ఈ క్రీడకు తీర్చిదిద్దినది హైదరాబాదులోని ఆదిత్య మెహతా ఫౌండేషన్. దాని స్థాపకుడు తానును ప్రమాదములో కాలు పోగొట్టుకొని, ఆ పిమ్మట సైకిలు పందెములలో పేరొందినవాడగుటచే, శిష్యుల కష్టమును పుస్తకము చూచి తెలిసికొనవలసిన అవసరము ఆయనకు లేకపోయినది. అవయవములు కోల్పోయిన సరిహద్దు భద్రతా దళ జవానులును అచ్చట శిక్షణ పొందిరి.

అర్షద్ పోటీచేసిన పందెములలో టైమ్ ట్రయల్ ప్రత్యేకముగా గమనింపదగినది. రోడ్డు పందెమున గుంపులో సాగువాడు ముందువాని వెనుక నక్కి గాలి తాకిడిని తప్పించుకొనవచ్చును. టైమ్ ట్రయల్‌నందో, ఒక్కొక్కరిని నిర్ణీత వ్యవధిలో వేర్వేరుగా వదలుదురు గనుకను, ఇంకొకని చాటున పోవుట నిషిద్ధము గనుకను, రౌతునకు గాలియే ప్రత్యర్థి. వేగము రెట్టింపైనచో గాలిని చీల్చుటకు వలయు శక్తి ఎనిమిది రెట్లగును. మధ్యాహ్నము సముద్రపుగాలి వీచువేళ నెల్లూరు నుండి తీరమందలి మైపాడునకు సైకిలు మీద పోయినవారికి ఈ గణితము తొడలకే తెలియును. ఎదురుగాలిలో పోగొట్టుకొన్న కాలము తిరుగు ప్రయాణమున అనుకూలవాయువు వలన పూర్తిగా రాదు. అందుకే టైమ్ ట్రయల్ రౌతు మోచేతులను హ్యాండిలు మీది మెత్తలపై ఆనించి, వీపును బల్లపరుపుగా వంచి, తల దించి, ఆ భంగిమను చెదరనీయక తొక్కును.

అర్షద్ పోటీచేసిన సి2 అను వైకల్య తరగతిలో ఒంటికాలితో తొక్కువారు కూడ ఉందురు. రెండు కాళ్లవానికి ఒక పెడలు క్రిందికి పోవునప్పుడు రెండవ కాలు మీదికి వచ్చి తోడగును. ఒంటికాలివాడు క్రిందికి త్రొక్కిన పాదముతోనే, పెడలునకు బిగించిన బూటు ఆధారముగా, దానిని మరల పైకి లాగవలెను. చక్రము శిఖరమును దాటు ఆ క్షణమున బలము సన్నగిల్లును. తొక్కుడు తెగకుండ ఆ సంధిని దాటించుటయే ఈ విద్యలోని మర్మము.

2024 సెప్టెంబరు 4న, పారిస్ శివారునందలి క్లిషీ సూ బువాలో, సుమారు 14 కిలోమీటర్ల టైమ్ ట్రయల్ బాటను అర్షద్ 25 నిమిషముల 20 సెకన్లలో ముగించి 11వ స్థానమున నిలిచెను. అనగా గంటకు 33 కిలోమీటర్లకు పైబడిన వేగము. స్వర్ణము ఫ్రాన్సు దేశీయుడగు అలెగ్జాండర్ లియోతేకు దక్కినది. అంతరము పెద్దదే, కాని ముందు నడిచిన భారతీయుడెవ్వడును లేని బాటలో ఆ 11వ స్థానమును నేను గొప్పదిగానే ఎంచుచున్నాను. అదే బాటపై జ్యోతి గడేరియా మహిళల విభాగమున 16వ స్థానము పొందెను.