కంటికి రెండవ రెప్ప
(రాయవేలూరు - గుడియాత్తము బాట చరిత్రలో ఒక పుట)

ఉగాదినాడు పంచాంగ శ్రవణము చేసి ఆదాయ వ్యయములు, కందాయ ఫలములు విచారించుకొనుట మనవారి ఆచారము. ఆ లెక్కలలో కంటి సంగతి రాదు. రైల్వే కచేరీలో పద్దులు వ్రాసుకొను మాబోటి గుమాస్తాలకు కన్నే పెట్టుబడి. అయినను దానిని గురించి తలచుకొనునది తక్కువ. అందుచేత ఈ సంచికకు ఏదైన వ్రాయుడని సంఘము పెద్దలు అడిగినప్పుడు, మనమందరము ఎరిగిన రాయవేలూరు - గుడియాత్తము బాటను, ఆ బాటలో పైకప్పులేని మోటారుకారు తిరిగిన రోజులను, గాలికి ధూళికి ఎదురేగువారు కన్నులు కాచుకొన్న విధమును గూర్చి నాలుగు మాటలు చెప్పదలచితిమి.

రాయవేలూరు పాలారునకు దక్షిణపు గట్టున, గుడియాత్తము ఉత్తరపు దిక్కున ఉన్నవి. ఏ దారిన పోయినను ఏరు దాటక తప్పదు. దూరము ఇరువది మైళ్ళకు పైమాటే. 1911 వరకు చిత్తూరు, రాయవేలూరు, గుడియాత్తము మూడును ఒకే ఉత్తర ఆర్కాటు జిల్లాలోనివి. జిల్లా కచేరీలు చిత్తూరులో ఉండెడివి. ఆ సంవత్సరము ఏప్రిల్ 1వ తేదీన చిత్తూరు జిల్లా వేరుపడినది. అంతకుముందు చిత్తూరు, పలమనేరు ప్రాంతములనుండి ఇటు వచ్చిన మన పెద్దలు పరాయిచోటికి వచ్చితిమని అనుకొనలేదు. పక్క తాలూకాకు వచ్చితిమనియే అనుకొనిరి.

ఈ బాటకు పేరు తెచ్చినది ఒక వైద్యురాలు. డాక్టర్ ఐడా స్కడర్ 1870లో మన రాణిపేటలోనే జన్మించినది. అమెరికాలోని కార్నెల్ వైద్య కళాశాలలో 1899లో పట్టము పొంది, మరుసటి ఏడు రాయవేలూరునకు వచ్చినది. 1902లో నలుబది పడకలతో మేరీ టేబర్ షెల్ ఆసుపత్రి తెరచినారు. అయితే ఆసుపత్రి ఉన్నదని తెలిసినంతమాత్రమున పల్లెటూరి రోగి దానిని వెదకుకొని రాగలడా? కూలి పోవును, బండి బాడుగ దొరకదు, భయమొకటి. అందుచేత 1906లో ఆమెయే మందులపెట్టె తీసికొని ఎద్దుబండిలో బాటమీదికి వచ్చినది. వారమున కొకనాడు గుడియాత్తము వరకు ప్రయాణము. నడుమ చెట్లనీడలలో బండి నిలుపుట, కాచుకొనియున్న రోగులను చూచుట, మరల సాగుట. కురుపులవారు, జ్వరములవారు, కళ్ళకలకల పిల్లలు, పొరలు కమ్మిన ముసలివారు, అందరును ఆ చెట్లక్రిందనే.

1909లో ఆమెకు ఒక ప్యూజో కారు కానుకగా వచ్చినది. ఒంటి సిలిండరు ఇంజను గల ఫ్రెంచి బండి. ఎద్దులులేని బండి కూతలు పెట్టుకొనుచు వచ్చుట చూచి దయ్యము వచ్చినదని పల్లెజనులు పరుగెత్తినారట. కొన్ని వారములు గడచుసరికి ఆ చప్పుడు కొరకే చెవులు రిక్కించి కూర్చుండిరి.

ఇక్కడ ఒక చిన్న లెక్క చూతము. ఎద్దుబండి గంటకు నాలుగు కిలోమీటర్లు పోవును, అనగా సెకండుకు మీటరుకు కొంచెము ఎక్కువ. ఆ నడకలో ఎదురుగా నలుసు వచ్చినను రెప్ప మూతపడుటకు వ్యవధి ఉన్నది. గంటకు 36 కిలోమీటర్ల వేగమున సెకండుకు పది మీటర్లు పోవుదుము. రెప్ప పడుటకు సెకండులో పదవవంతు పట్టినదనుకొన్నను, ఆ లోపల మనము ఒక మీటరు ముందుకు పోయియుందుము. నలుసు అప్పటికే కంటిలో ఉండును. భగవంతు డిచ్చిన రెప్ప ఎద్దుబండి వేగమునకు చాలును. మోటారు వేగమునకు రెండవ రెప్ప కావలెను.

ఆ రెండవ రెప్పయే కళ్ళజోడు. తొలినాటి కార్లలో చాలవాటికి ముందు అద్దము లేదు, పైన కప్పు లేదు. అందుచేత ఆ కాలపు మోటారుదొరలు కణతలకు అంటుకొనునట్లు తోలు అంచులు కుట్టిన గాగుల్స్ ధరించి, నిలువెల్ల ధూళికోటు తొడుగుకొని కూర్చుండెడివారు. దొరసానులు టోపీమీదుగా ముఖమునకు ముసుగు కట్టుకొనెడివారు. మా రైల్వేలోను అంతే. ఆవిరి ఇంజన్లు నడచిన రోజులలో సిగ్నలు చూచుటకు తల బయటపెట్టిన డ్రైవరుకు బొగ్గునలుసు తప్పెడిది కాదనియు, గాగుల్స్ లేనిదే డ్యూటీ కష్టమనియు మా కచేరీలో పెద్దలు చెప్పుచుండెడివారు.

తరువాత కారు ముందు అద్దము వచ్చినది. అయితే మామూలు అద్దము పగిలినచో ముక్కలు కంటనే గుచ్చుకొనెడివి. ఎడ్వర్డ్ బెనెడిక్టస్ అను ఫ్రెంచి రసాయనికుని చేతిలోనుండి 1903లో ఒక గాజుకుప్పె జారిపడినది. అది బీటలు వారినదేగాని ముక్కలై చెదరలేదు. లోపల ఎండిన సెల్యులోజు పొర గాజును పట్టి ఉంచినది. ఆ కిటుకుతో రెండు అద్దముల నడుమ పొర ఉంచి చేసిన అద్దమునకు ఆయన 1909లో పేటెంటు పొందెను. అది గుడియాత్తము బాటలో ప్యూజో కారు దుమ్ము రేపిన సంవత్సరమే.

గాగుల్సు, అద్దము కారులోనివారిని కాపాడినవి. బాటప్రక్కన నిలిచినవారి మాట ఏమి? కారు రేపిన ధూళి వారి కన్నులలోనే పడినది. దీనికి మార్గము చూపినది కూడ ఒక వైద్యుడే. స్విస్ దేశపు డాక్టర్ గుగ్లియెల్మినెట్టి 1902లో మొనాకో నగరమున బాటమీద వేడి తారు పూయించెను. ధూళి అణగినది. జనులు ఆయనను తారు డాక్టరని పిలిచినారు. కంటికి కట్టుకొన్న రెప్ప ఒక్కనిది, బాటకు వేసిన రెప్ప ఊరందరిది.

ఇప్పుడు మన బాటకు తారున్నది. ఓపెన్ కారు మాత్రము అరుదు. ఆ స్థానమును మోటారుసైకిలు, స్కూటరు తీసికొన్నవి. వాటికి కప్పు లేదు, ముందు అద్దము లేదు. అనగా మనమందరము తిరిగి 1909లోనికి వచ్చితిమి, గాగుల్సు మాత్రము ఇంటిలో విడిచి వచ్చితిమి.

ఈ మాట ఊరకే చెప్పుట లేదు. దాదాపు ఇరువదియైదేండ్ల క్రిందట మా చిన్నాయన గుడియాత్తమునుండి లుంగీల మూట కట్టుకొని, పార్సెలు వేయుటకు కాట్పాడి స్టేషనుకు మోటారుసైకిలుమీద పోవుచుండెను. మేము వెనుక కూర్చుంటిమి. అవి కోతల దినములు. రోడ్డుమీదనే వరిపనలు పరచి, పోవు బండ్లచేత తొక్కించుచుండిరి. ముందు పోవుచున్న లారీ లేపిన పొట్టు ఆయన కంటిలో కొట్టినది. వీపు చాటున ఉన్న మాకు ఏమియు కాలేదు. ఇంటికి వచ్చి కన్ను నలుపుకొనెను. నందివర్ధనము పూలు తెమ్మని అవ్వ చెప్పగా తెచ్చి ఇచ్చినది మేమే. ఆ రసము మూడు దినములు పిండిరి. నాలుగవనాడు ఆసుపత్రికి పోవుసరికి నల్లగ్రుడ్డుమీద పుండు ముదిరినది. పుండు మానినది గాని కంటిలో పువ్వు వేసినది, చూపు తిరిగి రాలేదు. ఒంటికంటితో ఆయన తరువాత మోటారుసైకిలు ఎక్కలేదు. "పూలు తెచ్చినావని బాధపడకురా, మేము పెద్దవారమై యుండియు తెలియక చేసితిమి" అని మాతో అనెడివాడు. ఆ మాటయే ఈ వ్యాసమునకు కారణము.

మనకు దూరమున వైద్యము లేకపోయినదా అనిన, లేకేమి? ఆనాటి షెల్ ఆసుపత్రియే తరువాత కంటి ఆసుపత్రి అయినది. 1947లో డాక్టర్ విక్టర్ రాంబో రాయవేలూరునకు వచ్చి, శస్త్రచికిత్స సామగ్రినే పల్లెలకు తీసికొనిపోయి, అక్కడనే శుక్లములు తీసి చూపు నిచ్చుచుండెను. చెట్టుక్రింది వైద్యమునకు అది కొనసాగింపు. ఇంత సమీపమున ఉండియు మూడు దినములు ఆలస్యము చేసినది మేమే.

కావున సోదరులారా, సోదరీమణులారా, బండి ఎక్కువారు ఈ నాలుగు సంగతులు మరువవద్దు. పగలు ఎండలో చలువ అద్దములు మంచివే, అవి అతినీల కిరణములను ఆపునవై ఉండవలెను. చీకటి పడగానే వాటిని తీసి తెల్లనివి పెట్టవలెను, లేనిచో ఎదుటి మనిషి కనబడడు. గాజుకంటె పగులని పాలికార్బొనేటు మేలు, ప్రక్కలు మూసిన జోడు ఇంకను మేలు. ఓపెన్ కారులోనైనను ముందు అద్దమున్నదని ధీమా వద్దు, గాలి వెనుకనుండి సుడి తిరిగి వచ్చును. హెల్మెటు ముందరి అద్దము దించుకొనుడు. నలుసు పడినచో నలుపవద్దు, శుభ్రమైన నీటితో కడుగుడు. ఆకుపసరు, పూలరసము, ఆముదము, చనుబాలు పోయవద్దు. ఎరుపు, నొప్పి తగ్గకున్నచో ఆనాడే వైద్యునికి చూపుడు.

ఈ పండుగకు పిల్లలకు క్రొత్తబట్టలు తీయుచున్నాము. బండి నడుపు మన ఇంటివారికి ఒక జోడు అద్దములు కూడ ఆ మూటలో చేర్చిన బాగుండును. అందరి కన్నులు చల్లగా ఉండి, వచ్చు ఉగాది వేపపూతను అందరును చూడవలెనని కోరుచున్నాము.