అమ్ముకుని కదిలినవాళ్ళు, ఉత్త చేతులతో కదిలినవాళ్ళు

(మన వలసల చరిత్ర – 6వ భాగం)

పోయిన వారం బెంగళూరు నుంచి ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. మా బాపట్ల వైపు పిల్లాడే. పల్లె నుంచి హాస్టల్, హాస్టల్ నుంచి ఇంజినీరింగ్, అక్కడి నుంచి బెంగళూరులో సాఫ్ట్‌వేర్. పెళ్ళయింది, ఇద్దరు పిల్లలు. ఈ మధ్యే అమ్మను కూడా తెచ్చుకున్నాడు.

"అక్కా, హైదరాబాద్ మారిపోదామనుకుంటున్నాం. ఇక్కడ అద్దెలు, స్కూలు ఫీజులు తట్టుకోలేకపోతున్నాం. అక్కడైతే అదే అద్దెకి ఇంకో గది వస్తది. ఇక్కడ కొందరు పది నెలల అడ్వాన్స్ అడుగుతారు, అక్కడ రెండు నెలలిస్తే చాలు. అమ్మకి భాష ఇబ్బంది కూడా ఉండదు. ఏమంటావు?"

మారండి అని చప్పున అనలేకపోయాను. వద్దనీ అనలేదు. "రెండ్రోజులాగు, రాస్తాను" అన్నాను. కాబట్టి మిత్రులారా, ఈ భాగం ఆ తమ్ముడికి జవాబు. ఖరీదైన చోటు వదిలి చవకైన చోటికి సంసారాన్ని మార్చటమనే లెక్క మన గుంటూరు, ప్రకాశం నేల మీద నిన్న పుట్టింది కాదు. ముందు ఆ సంగతి చెప్పుకుందాం.

బెజవాడ దగ్గర కృష్ణ మీద ఆనకట్ట 1855లో పూర్తయింది. కాలవ పారిన చోటల్లా మాగాణి ధర పెరుగుతూ పోయింది. మూడు తరాలు గడిచేసరికి డెల్టాలో కుటుంబాలు పెరిగాయి, భూమి పెరగలేదు. అప్పుడే నిజాం ప్రభుత్వం మంజీర మీద నిజాంసాగర్ కట్టింది. 1923లో మొదలై 1931కి పూర్తయింది. బోధన్, వర్ని చుట్టుపక్కల నీళ్ళున్నాయి, భూమి చవక. కోస్తా రైతులు ఇక్కడ ఎకరం అమ్మి అక్కడ పలు ఎకరాలు కొన్నారు. 1953లో తుంగభద్ర డ్యాం వచ్చాక అదే లెక్క కర్ణాటకకి పోయింది. సింధనూరు, గంగావతి వైపు వెళ్ళి చూడండి, "క్యాంపు" అనే మాటతో ముగిసే ఊళ్ళు వరసగా తగులుతాయి. తెలుగు రైతులు గుడారాలేసుకున్న చోట్లు అవి. పత్తి రోజుల్లోనూ అంతే. ఇక్కడ కౌళ్ళు పెరిగితే వరంగల్, ఆదిలాబాద్ వైపు నల్లరేగడి వెతుక్కుంటూ పోయారు. 1987-88లో తెల్లదోమ పత్తిని ఊడ్చేసి గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో రైతులు పురుగుమందు తాగి చనిపోయారు. ఆ దెబ్బ తగిలినవాళ్ళలో మన కౌలుదార్లు కూడా ఉన్నారు, అది వేరే భాగంలో రాస్తాను.

తర్వాత డెల్టా డబ్బు సినిమా హాళ్ళలోకి, కాంట్రాక్టుల్లోకి, కాలేజీల్లోకి, హైదరాబాద్ ప్లాట్లలోకి పోయింది. కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీ కోస్తా వాళ్ళ అడ్డా అని పేరుపడింది. 1998 నవంబరులో సైబర్ టవర్స్ ప్రారంభమయ్యేనాటికి ఆ చుట్టుపక్కల కాలు మోపటానికి వాళ్ళకో చోటు ఉంది.

వాళ్ళు కష్టపడలేదని నేననను. ముళ్ళపొదలు కొట్టారు, చదును చేశారు, మలేరియాతో పోయారు. కానీ ఆ కష్టానికి పెట్టుబడి ఏది? డెల్టా ఎకరం. ఆ ఎకరానికి ధర రావటంలో నాటు వేసిన నడుములు, కాలవ పూడిక తీసిన చేతులు ఎవరివి? ఎకరం అమ్ముడుపోయిన రోజున వాటికి వాటా రాలేదు. భూమి అమ్మినాయన బండెక్కి పోయాడు. పాలేరు కొత్త ఆసామికి మిగిలాడు.

మన దగ్గర అమ్మటానికి ఏముంది? ఉన్న కొద్దిమందికీ డీకేటీ పట్టా. 1977 అసైన్డ్ భూముల చట్టం ప్రకారం దాన్ని అమ్మకూడదు. ఆ చట్టం మంచికే వచ్చింది, లేకపోతే పెద్ద రైతులు ఎప్పుడో మింగేసేవాళ్ళు. (చట్టం ఉన్నా మింగారనుకోండి.) కానీ ఒకచోట అమ్మి ఇంకోచోట కొనే లెక్కలోకి ఆ పట్టా రాదు. ఇరవై ఏళ్ళు దాటితే అమ్ముకోవచ్చని ఆంధ్రప్రదేశ్‌లో సవరణ 2023లో గానీ రాలేదు. అప్పటికి మంచి బేరాలన్నీ అయిపోయాయి. అమరావతి ల్యాండ్ పూలింగ్ మొదలైనప్పుడు కూడా పట్టా భూమికి ఇచ్చినంత ప్లాటు అసైన్డ్ భూమికి ఇస్తామనలేదు.

మరి మనం కదల్లేదా? కదిలాం. మన లెక్క వేరే.

1876-78 కరువులో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలవలో మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు తీసుకున్నాడు. జనం ఎముకలగూళ్ళై వచ్చారు. వాళ్ళలో మాదిగలు ఎక్కువ. మిగతా చోట్ల మేస్త్రీలు తిట్టి కొట్టేవాళ్ళు. ఇక్కడ మేస్త్రీలు మన బోధకులే. ఆసామి లేని చోట, చేతికి డబ్బులిచ్చే పని. 1878 జులై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకోవటాన్ని బియ్యం మతమని వెక్కిరించినవాళ్ళున్నారు. బువ్వతోపాటు ఆ కాలవ గట్టు మీద ఇంకేం దొరికిందో వాళ్ళు చూడలేదు.

1985 జులై 16, కారంచేడు. తాగే నీళ్ళ చెరువు దగ్గర బర్రెల కుడితి బకెట్ కడుగుతుంటే వద్దన్నందుకు గొడవ మొదలైంది. ఎదురుతిరిగి నిలబడింది మున్నంగి సువార్తమ్మ. మర్నాడు మాదిగపల్లె మీద పడ్డారు. ఆరుగురిని చంపారు, ఆడవాళ్ళ మీద అత్యాచారాలు చేశారు. బతికినవాళ్ళు చీరాల చేరారు. పది కిలోమీటర్లు కూడా లేని దూరం. చర్చి ఆవరణలో శిబిరం. కత్తి పద్మారావు, బొజ్జా తారకం లాంటివాళ్ళు వచ్చి నిలబడ్డారు, దళిత మహాసభ పుట్టింది. ఇదంతా మీకు తెలుసు.

మీరు తక్కువగా మాట్లాడుకునేది ఇంకొకటుంది. ఊరికి తిరిగి రండి, రక్షణ ఇస్తాం అంటే వాళ్ళు పోమన్నారు. చీరాల్లోనే స్థలాలు, ఇళ్ళు కావాలని పట్టుబట్టి విజయనగర్ కాలనీ సాధించుకున్నారు. నా దృష్టిలో ఇది పారిపోవటం కాదు, సంసారాన్ని ఎక్కడ పెట్టాలో ఇంటిల్లిపాదీ కూర్చుని తీసుకున్న నిర్ణయం. లెక్కలు వేసుకోకుండా ఉంటారా? ఊళ్ళో అలవాటైన కూలి పోతుంది, పశువులు పోతాయి, పచ్చిగడ్డి పోతుంది, పెద్దల సమాధులు అక్కడే ఉండిపోతాయి. చీరాల్లో మొదట పనే దొరకదు. అయినా ఇక్కడ నీళ్ళు ఎవడి దయా కాదు, ఆసుపత్రి ఉంది, రైలుంది, బడికి పోయే పిల్లని దారిలో ఆపే ఆసామి లేడు. ఖర్చు ఎక్కువైన చోటునే వాళ్ళు ఎంచుకున్నారు.

1991 ఆగస్టు 6, చుండూరు. సినిమా హాల్లో కాలు తగిలిందన్న గొడవతో మొదలై, సాంఘిక బహిష్కరణ మీదుగా ఎనిమిది హత్యల దాకా పోయింది. చాలా కుటుంబాలు తెనాలి చేరాయి. కానీ చుండూరు వాళ్ళు ఇంకో పని కూడా చేశారు. విచారణ మా ఊళ్ళోనే జరగాలని పట్టుబట్టారు. మనుషుల్ని కోర్టుకి తిప్పటం మానిపించి కోర్టునే చుండూరుకి రప్పించారు. 2007లో 21 మందికి యావజ్జీవం పడింది. 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది.

ఆ తర్వాతి తరమే మన తమ్ముడి తరం. 1944లో మొదలైన పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్, సాంఘిక సంక్షేమ హాస్టల్, తర్వాత ఫీజు రీయింబర్స్‌మెంట్. వీటితో మన చేతికీ ఒక సరుకు వచ్చింది. డిగ్రీ. దాన్ని ఒకచోట అమ్మి ఇంకోచోట బతకొచ్చు. చవకైన ఊరికి మారదామా అని కూర్చుని లెక్కేసుకునే అవకాశం మన ఇళ్ళలో చాలామందికి మొదటిసారి దొరికింది ఇప్పుడే. అందుకే తమ్ముడి ఫోను నాకు చిన్న విషయం అనిపించలేదు.

ఇక హైదరాబాద్ సంగతి. కొన్నేళ్ళ క్రితం నేనక్కడ ఇల్లు వెతుక్కున్నాను. ఒక కాలనీలో ఇల్లు నచ్చింది, ఇంటావిడకి నేనూ నచ్చాను. "ఏ ఊరమ్మా?" "బాపట్ల దగ్గరండీ." "ఓలమ్మ, మా వైపే!" కాఫీ ఇచ్చింది. "ఇంటిపేరు?" చెప్పాను. "మీ ఇల్లు ఊళ్ళో ఎక్కడ?" "చర్చి పక్కన." గ్లాసు కింద పెట్టేలోపే మొహం మారింది. "మా అబ్బాయిని అడిగి చెప్తానమ్మా." నెల తర్వాత అటు వెళ్తే టు-లెట్ బోర్డు అలాగే వేలాడుతోంది.

బెంగళూరు ఓనరు మంచివాడని కాదు. వెజ్జా నాన్‌వెజ్జా అని అక్కడా అడుగుతారు. కానీ మన ఇంటిపేరు అక్కడ చాలామందికి చదవటం రాదు. హైదరాబాద్‌లో మన జిల్లావాళ్ళకి అది కంఠతా వచ్చు. ఊరిపేరు, ఇంటిపేరు, పేట, మూడు ప్రశ్నల్లో తేల్చేస్తారు. తమ్ముడు లాభం వైపు రాసుకున్న "భాష ఇబ్బంది ఉండదు" అనే మాటని ఒకసారి ఖర్చు వైపు కూడా రాసుకుని చూడాలి. అమ్మ నోరు విప్పగానే యాస తెలుస్తుంది.

1917లో కొలంబియాలో చదివొచ్చిన అంబేడ్కర్‌కి బరోడాలో గది దొరకలేదు. పార్సీ పేరు పెట్టుకుని పార్సీల సత్రంలో ఉంటే, పదకొండో రోజున కర్రలతో వచ్చి ఖాళీ చేయించారు. 2015లో సుఖదేవ్ థోరట్ బృందం దిల్లీ చుట్టుపక్కల అద్దె ఇళ్ళ మీద ప్రచురించిన అధ్యయనమూ అదే చెప్పింది. ఇల్లు కావాలని అడిగినవాళ్ళలో దళితుల్నీ ముస్లింలనీ తిప్పి పంపారు, కొందరికి అదనపు షరతులు పెట్టారు.

తమ్ముడూ, అద్దె తేడా ఒక్కటే చూసుకోకు. ఇల్లు దొరికేదాకా ఎన్ని వారాలు తిరగాలో, ఆ వారాల్లో రెండు అద్దెలు ఎట్లా కట్టాలో అది కూడా వేసుకో. మన ఉద్యోగులు కట్టుకుని అద్దెకిస్తున్న ఇళ్ళ గురించి ముందు ఆరా తియ్యి, తర్వాతే యాప్‌లు చూడు. ఇంటిపేరు దాచి చేరొద్దు, తర్వాత ఆ అబద్ధాన్ని మొయ్యాల్సింది పిల్లలు. ఇల్లు చూసేటప్పుడు అమ్మని వెంట తీసుకుపో. కాదనేవాడు ముందే కాదంటాడు, సామాను దించాక కాదు. ఇన్ని చెప్పినా నన్నడిగితే రమ్మనే అంటాను. అమ్మ పక్కింటావిడతో మాట్లాడుకోగల ఊరు బెంగళూరులో నీకు ఏ అద్దెకీ దొరకదు.

నిన్న రాత్రి మళ్ళీ ఫోన్ చేశాడు. రెండో శనివారం ఇళ్ళు చూడటానికి వస్తున్నారట. అమ్మ కూడా వస్తోంది. ఆమె అడిగినవి రెండేనట: చర్చి ఎంత దూరం, నీళ్ళు మంజీరావా బోరువా.

(వచ్చే భాగం: ఆదోని, కోసిగి నుంచి ఏటా పిల్లల్ని వెంటేసుకుని మన గుంటూరు మిరప కోతలకి వచ్చే కుటుంబాలు.)