బేబ్ రూత్‌ని అమ్మడం తప్పేనా?

1919లో బేబ్ రూత్ 29 హోమ్ రన్లు కొట్టాడు. అప్పటికి అది రికార్డు. మన సిక్సర్ లాంటిది అనుకోండి. అయినా అతని టీమ్ బోస్టన్ రెడ్ సాక్స్ ఎనిమిదింట్లో ఆరో ప్లేస్. పైగా కాంట్రాక్ట్ మధ్యలోనే జీతం 10 వేల డాలర్ల నుంచి 20 వేలు చేయమన్నాడు. నేను జాబ్‌లో ఉన్నప్పుడు అప్రైజల్‌లో ఇలా అడిగుంటే బయటికి పంపేవాళ్లు!

ఓనర్ హ్యారీ ఫ్రేజీ లక్ష డాలర్లకి న్యూయార్క్ యాంకీస్‌కి అమ్మేశాడు. అమ్మడం తప్పని నేననను. కానీ బదులుగా ఒక్క ప్లేయర్‌ని కూడా తీసుకోలేదు. అదీ అసలు తప్పు. పైగా ఫెన్వే పార్క్ స్టేడియం తాకట్టు పెట్టి, 3 లక్షల డాలర్ల అప్పు కూడా యాంకీస్ వైపే మాట్లాడుకున్నాడు. అంటే పోటీ టీమ్ చేతికే తాళం ఇచ్చాడు కదా. తర్వాత వెయిట్ హోయ్ట్, హెర్బ్ పెనాక్ లాంటి పిచర్లు కూడా అటే వెళ్లారు.

1923లో యాంకీస్ మొదటి వరల్డ్ సిరీస్ గెలిచింది. బోస్టన్ మళ్లీ గెలిచేసరికి 2004 వచ్చింది.