విరేచనం
"పాపకి మోషన్స్ అండీ" అంటుంది తల్లి. ఇంగ్లీషులో మోషన్ మామూలు మలవిసర్జన కూడా. మన నోట 'మోషన్స్' అంటే రోగమే. విరేచనానికీ అంతకుముందు ఇదే జరిగింది. ఖాళీ చేయడమనే అర్థమున్న 'రిచ్' ధాతువు నుంచి వచ్చిందా మాట. రిక్తహస్తాల్లోని 'రిక్తం' దాని తోబుట్టువే. ఆయుర్వేద పంచకర్మల్లో విరేచనం చికిత్స, రోగం పేరు అతిసారం. ఆ పాత అర్థం 'విరేచనకారి' మందుల్లో మిగిలింది. నాకు మాత్రం మోషన్స్ కన్నా నీళ్ల విరేచనాలు, జిగట విరేచనాలు, రక్త విరేచనాలు అనడమే ఇష్టం. పసిపిల్లల వైద్యంలో ఆ తేడాయే ప్రాణాధారం. రక్తం పడితే మందు వేరు. నీళ్లలా అవుతుంటే ఓఆర్ఎస్, 14 రోజులు జింకు. ఒంట్లో నీరు తగ్గిందేమో తెలియడానికి, పొట్టమీది చర్మం పట్టి వదిలితే ముడత వెంటనే పోతోందా, అలాగే నిలుస్తోందా అన్నదీ చూడాలి.